డిస్కౌంటులో కొన్న మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తోందా? సమస్యలు - పరిష్కారాలు

నవంబరు చివర్లో బ్లాక్ ఫ్రైడే అమ్మకాలు ముగిశాయంటే చాలు, ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకున్నవాళ్ల నుంచి ఫిర్యాదులు మొదలవుతాయి. సగం ధరకు వచ్చిందని కొన్న ప్లగిన్ (మ్యూజిక్ ప్రోగ్రాంలో అదనంగా చేర్చుకునే సాఫ్ట్‌వేర్) కనబడటం లేదని ఒకరు, సీరియల్ నంబరు ఒప్పుకోవడం లేదని ఒకరు, కొన్న వీణ లైబ్రరీ (కీబోర్డుతో పలికించుకునే వాద్య శబ్దాల సంపుటి) మధ్యలోనే మూగబోతోందని ఇంకొకరు. వీటిలో సాఫ్ట్‌వేర్ నిజంగా పాడైన సందర్భాలు బహు తక్కువ. అమ్మకం పేజీలో ధర కింద ‘సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్’ అని నాలుగు వరుసలు ఉంటాయి. వాటిని చదవకుండా డబ్బు కట్టేయడమే అసలు జబ్బు. కాబట్టి ఏ మరమ్మతుకైనా ముందు ఆ పేజీని మళ్లీ తెరిచి పక్కన పెట్టుకోండి. ఇన్‌స్టాల్ చేయడం, ఫోల్డర్లు వెతకడం, ట్రాక్ మీద ప్లగిన్ వేసుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

కార్డు తీసుకోవడం లేదు

వివరాలన్నీ సరిగ్గా ఇచ్చినా లావాదేవీ తిరస్కరించారంటే చాలావరకు కారణం ఒక్కటే. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2020 మార్చి 16 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు, పాతవాటి బదులు ఇచ్చే కార్డులు దేశంలోని ఏటీఎంలకు, దుకాణాల్లోని స్వైపింగ్ మెషీన్లకు మాత్రమే పనిచేస్తాయి. ఆన్‌లైన్ చెల్లింపులను, విదేశీ చెల్లింపులను మనమే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. ఇవి రెండు వేర్వేరు మీటలు. రోజూ సరుకులు కొనే కార్డే కదా అనుకుంటారు. దానికి ఆన్‌లైన్ మీట ఒక్కటే ఆన్ అయి ఉంటుంది. విదేశీ మీట కూడా వేసి, పరిమితి పెంచి, పని కాగానే మళ్లీ ఆపేయండి.

నెలనెలా వాయిదాల్లో కట్టే పద్ధతిలో తీసుకుంటే మొదటి నెల డబ్బు వెళ్లి, రెండో నెల ఆగిపోవడం మామూలే. 2021 అక్టోబరు నుంచి కార్డుల మీద ఆటోమేటిక్ చెల్లింపులకు ముందస్తు అనుమతి నమోదు తప్పనిసరి అయింది. ఆ ఏర్పాటు లేని విదేశీ దుకాణానికి మన బ్యాంకు డబ్బు వదలదు. ఒకేసారి కట్టే ధర అందుబాటులో ఉంటే అదే మేలు.

పేజీలో చూసిన ధర ఒకటి, కట్టింది ఇంకొకటి అని కూడా అడుగుతుంటారు. విదేశీ సంస్థలు మనకు అమ్మే డిజిటల్ సరుకు మీద 18 శాతం జీఎస్టీ ఉంది. 29 డాలర్ల లైబ్రరీకి అది కలిస్తే 34 డాలర్ల 22 సెంట్లు. ఆపైన బ్యాంకు విదేశీ మారకపు రుసుము, దాని మీద మళ్లీ పన్ను. తగ్గింపును లెక్కించేటప్పుడు ఈ చివరి మొత్తాన్నే చూడాలి.

ఇన్‌స్టాల్ అయింది, కానీ ప్రోగ్రాంలో కనబడటం లేదు

ముందు ఫార్మాట్ చూడండి, అంటే ప్లగిన్ ఏ రకం ఫైలుగా వచ్చిందో. మ్యూజిక్ ప్రోగ్రాంలలో గ్యారేజ్‌బ్యాండ్, లాజిక్ వాడేవాళ్లకు ఏయూ ఫార్మాట్ కావాలి. ప్రో టూల్స్‌కు ఏఏఎక్స్ కావాలి. వాటిలో మరో ఫార్మాటైన వీఎస్‌టీ పనిచేయదు, ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అంతే. విండోస్‌లో ఎఫ్‌ఎల్ స్టూడియో, క్యూబేస్, రీపర్ వాడేవాళ్లకు వీఎస్‌టీ3 ఉంటే ఏ గొడవా ఉండదు. దాని చోటు కూడా స్థిరం: సీ డ్రైవులో ప్రోగ్రాం ఫైల్స్, అందులో కామన్ ఫైల్స్, అందులో వీఎస్‌టీ3. ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు ఆ చోటును మార్చి డీ డ్రైవులో పెట్టేవాళ్లకే ఈ కష్టం ఎక్కువ. జాగా చాలకపోతే శబ్దాల ఫైళ్లను వేరే డ్రైవులో పెట్టుకోండి, ప్లగిన్‌ను మాత్రం కదపకండి. ఆ తర్వాత ప్లగిన్లను మళ్లీ స్కాన్ చేయించండి.

బాగా తక్కువ ధరకు వదిలించుకునే పాత సరుకులో 32 బిట్ ప్లగిన్లు కూడా తగులుతుంటాయి. ఇప్పటి 64 బిట్ ప్రోగ్రాంలు చాలావరకు వాటిని నేరుగా తెరవవు. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు.

సీరియల్ నంబరు చెల్లడం లేదు

మొదట, మీరు కొన్న దుకాణం, తయారుచేసిన సంస్థ ఒకటేనా? మధ్యవర్తి దుకాణంలో కొంటే అక్కడ వచ్చిన నంబరును తయారీ సంస్థ వెబ్‌సైటులో మీ ఖాతాలో నమోదు చేయాలి. ప్లగిన్ తెరలో నేరుగా వేసేది కాకపోవచ్చు. నంబరు మెయిల్‌లో కనబడకపోతే దుకాణంలోని మీ ఖాతా తెరిస్తే అక్కడ ఉంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు కలిపి కట్టగా అమ్మే చోట్ల నంబరు తీసుకోవడానికి ఆఖరు తేదీ కూడా ఉంటుంది. కొన్న రోజే తీసుకుని నమోదు చేసేయండి.

అయినా చెల్లకపోతే ఉత్పత్తి పేరు చివర ఉన్న మాట చూడండి. ‘అప్‌గ్రేడ్’ అంటే పాత వెర్షన్ ఉన్నవారికి. ‘క్రాస్‌గ్రేడ్’ అంటే ఫలానా మరో ఉత్పత్తి ఉన్నవారికి. ‘ఎడ్యుకేషన్’ అంటే విద్యార్థిగానో ఉపాధ్యాయుడిగానో రుజువు చూపగలిగినవారికి. వెతుకులాటలో అన్నిటికన్నా తక్కువ ధర పైకి వచ్చేలా పెట్టుకుంటే ముందు వచ్చేవి ఇవే. నంబరును ఎక్కడా నమోదు చేయకముందే దుకాణానికి రాసి, తేడా డబ్బు కట్టి పూర్తి లైసెన్సు ఇవ్వమని అడగండి. నమోదు చేశాక అడిగితే పని కష్టం.

లైబ్రరీ కాసేపు బాగానే పలికి, తర్వాత మూగబోతోంది

దీని దగ్గర నిదానంగా ఆగాలి. నేను చూసినంతలో అభిరుచి కొద్దీ సంగీతం చేసుకునేవాళ్ల డబ్బు ఇంతగా దండగయ్యే చోటు ఇంకొకటి లేదు.

కథ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. వీణో, నాదస్వరమో, వయొలిన్ల బృందమో, ఏదో ఒక లైబ్రరీ భారీ తగ్గింపులో వస్తుంది. దాన్ని నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ వారి కాంటాక్ట్‌లో, అంటే లైబ్రరీలను పలికించే సాఫ్ట్‌వేర్‌లో, తెరవాలని రాసి ఉంటుంది. కాంటాక్ట్ ఉచితంగా దొరుకుతుందని ఎవరో చెప్పి ఉంటారు, అది నిజం కూడా. దించుకుంటారు, తెరుస్తారు, కీబోర్డు మీద వేలు వేయగానే వీణ ఖంగున పలుకుతుంది. పల్లవి రికార్డు చేస్తారు. చరణంలోకి వచ్చేసరికి శబ్దం ఆగిపోతుంది. ప్రోగ్రాం మూసి తెరిస్తే మళ్లీ పలుకుతుంది, కాసేపటికి మళ్లీ మౌనం. ఇక ఆడియో కార్డు డ్రైవరు మారుస్తారు, బఫర్ సైజు పెంచుతారు, ర్యామ్ చాలడం లేదని కొత్త ర్యామ్ కూడా కొంటారు. వీటిలో దేనికీ ఈ సమస్యతో సంబంధం లేదు.

గడియారం పెట్టుకుని చూడండి. శబ్దం సరిగ్గా 15 నిమిషాలకు ఆగుతోందంటే అది లోపం కాదు, లైసెన్సు. కాంటాక్ట్ రెండు రకాలు. ఒకటి ఉచితంగా ఇచ్చే కాంటాక్ట్ ప్లేయర్. రెండోది డబ్బు పెట్టి కొనే పూర్తి కాంటాక్ట్. ప్లేయర్‌లో పనిచేయాలంటే లైబ్రరీ తయారుచేసినవారు నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్‌తో ఒప్పందం చేసుకుని, రుసుము కట్టి ఉండాలి. చిన్న తయారీదారులు చాలామంది ఆ ఖర్చు పెట్టుకోరు, అందుకే తమ లైబ్రరీలను అంత చవకగా అమ్మగలుగుతారు. అలాంటి లైబ్రరీ ప్లేయర్‌లో తెరుచుకుంటుంది, కానీ రుచి చూపించడానికి మాత్రమే: 15 నిమిషాలు పలికి ఆగుతుంది.

అసలే తెరుచుకోకపోతే కొన్నవాళ్లు వెంటనే జాగ్రత్తపడేవారు. ముందు పలికి, నమ్మకం కుదిరాక ఆగడమే ఇందులోని కిటుకు. అమ్మేవారు దాచిందీ ఏమీ లేదు. ‘పూర్తి వెర్షన్ కాంటాక్ట్ అవసరం, ఉచిత ప్లేయర్‌లో పనిచేయదు’ అన్న ముక్క పేజీలో అడుగున ఉండనే ఉంటుంది. తగ్గింపు శాతం పెద్ద అక్షరాల్లో, ఈ ముక్క చిన్న అక్షరాల్లో ఉంటాయి, అంతే తేడా.

కొనే ముందే పసిగట్టడానికి నేను చూసే గుర్తులు చెబుతాను. కొన్నాక నేటివ్ యాక్సెస్‌లో (నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి నమోదు యాప్) నమోదు చేసుకునే సీరియల్ నంబరు ఇస్తామని రాసి ఉంటే అది ప్లేయర్‌లో కూడా పనిచేసే రకం. నంబరు ఊసే లేకుండా ఉత్త జిప్ ఫైలు డౌన్‌లోడ్ ఇస్తే పూర్తి కాంటాక్ట్ కావాల్సిందే అనుకోండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఇంకోటి గమనించవచ్చు: ప్లేయర్ లైబ్రరీలు కాంటాక్ట్ పక్క వరుసలో బొమ్మతో సహా కనబడతాయి. రెండో రకాన్ని ‘యాడ్ లైబ్రరీ’ నొక్కి చేర్చబోతే అక్కడ లైబ్రరీ లేదని వస్తుంది, ఫైల్స్ విభాగంలోకి వెళ్లి ఎన్‌కేఐ ఫైలును (కాంటాక్ట్ వాద్యం ఫైలు) నేరుగా తెరవాల్సి వస్తుంది. పూర్తి కాంటాక్ట్ ఉన్నవాళ్లు కూడా ఇది చూసి లైబ్రరీ పాడైందని కంగారు పడతారు. అక్కర్లేదు, ఆ రకం తెరుచుకునే దారి అదే.

ఇదే సమస్య ఇంకో వేషంలో వస్తుంది, అది మరీ మోసగిస్తుంది. మీ దగ్గర డబ్బు పెట్టి కొన్న పూర్తి కాంటాక్ట్ 6 ఉందనుకోండి. కొత్త లైబ్రరీ కాంటాక్ట్ 7తో తయారైంది. పాత కాంటాక్ట్ కొత్త ఫైళ్లను తెరవదు. దాంతో కాంటాక్ట్ 7 దించుకుంటారు, అది ఉచితంగానే వచ్చేస్తుంది. నా దగ్గర పూర్తి వెర్షన్ ఉంది కదా అన్న ధీమా. కానీ మీ లైసెన్సు 6కు మాత్రమే. 7కు అప్‌గ్రేడ్ కొననంతవరకు మీ కంప్యూటర్‌లో ఉన్నది ప్లేయరే. మళ్లీ 15 నిమిషాలే. ఇది ఎంతో అనుభవం ఉన్నవాళ్లను కూడా బోల్తా కొట్టిస్తుంది. కాబట్టి పేజీలో రెండు చూడాలి: పూర్తి కాంటాక్టా కాదా, కనీసం ఏ వెర్షన్. చుక్క తర్వాతి అంకె కూడా ముఖ్యమే. 6.7 అని రాసి ఉంటే 6.2 సరిపోదు. అయితే అదే 6లోపు తేడా అయితే ఉచిత అప్‌డేట్‌తో తీరిపోతుంది.

మరి ఇప్పటికే కొనేశారు, ఏం చేయాలి? ఇంకా దించుకోకపోతే వెంటనే దుకాణానికి రాయండి. దించుకున్నాక డబ్బు వెనక్కి ఇవ్వడం అరుదు, అయినా మర్యాదగా అడగడం వల్ల నష్టం లేదు. ఆ తర్వాత తయారీదారు పేజీలో అదే లైబ్రరీ వేరే ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. కాంటాక్ట్ లాంటిదే అయిన డీసెంట్ శాంప్లర్ పూర్తిగా ఉచితం. చిన్న తయారీదారులు కొందరు దానికి కూడా ఫైళ్లు ఇస్తారు. ఎస్‌ఎఫ్‌జెడ్ అనే ఫైలు రూపం ఉంటే ప్లోగ్ సంస్థ వారి స్ఫోర్జాండో సాఫ్ట్‌వేర్ ఉచితంగా తెరుస్తుంది. కొనేటప్పుడు గమనించని రెండో డౌన్‌లోడ్ లింకు ఖాతాలో పడి ఉండటం నేను చూశాను.

ఇవేవీ కుదరకపోతే మిగిలింది పూర్తి కాంటాక్ట్ కొనడం. దాని మామూలు ధర 299 డాలర్లు. తొందరపడి ఆ ధరకు కొనకండి. వేసవిలోనూ, నవంబరు చివర్లోనూ సగం ధరకు రావడం ఏళ్లుగా ఆనవాయితీ. మీ దగ్గర నమోదైన ప్లేయర్ లైబ్రరీ ఏదైనా ఉంటే మీ ఖాతాలో క్రాస్‌గ్రేడ్ ధర కనబడుతుందేమో కూడా చూడండి. అప్పటివరకు కొన్న లైబ్రరీ ఎక్కడికీ పోదు, డ్రైవులో భద్రంగా ఉంచండి. కానీ 29 డాలర్ల వీణ కోసం 150 డాలర్లు పెట్టడం సబబేనా అన్నది మీరు తేల్చుకోవాలి. ఏడాదికి నాలుగైదు అలాంటి లైబ్రరీలు వాడతారంటే కొనండి. ఒక్క వీణ కోసమైతే మాత్రం వద్దు. ప్లేయర్‌లో పలికే వీణను వెతుక్కోండి, లేదా ఊళ్లో వీణ వాయించేవారిని పిలిచి ఒక పూట రికార్డు చేయండి. ఏ లైబ్రరీ ఇవ్వని గమకం చేతికొస్తుంది.

అన్నీ ఉన్నాయి, కావాల్సిన మీటే లేదు

ఇది ఎడిషన్ సమస్య. ఎఫ్‌ఎల్ స్టూడియోలో అన్నిటికన్నా చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో గొంతు రికార్డు చేయలేరు. పాట పాడేవాళ్లకు కనీసం ప్రొడ్యూసర్ ఎడిషన్ కావాలి. ఏబుల్‌టన్ లైవ్ ఇంట్రోలో 16 ట్రాకులే. ఇలాంటప్పుడు మళ్లీ కొత్తగా కొనకండి, తేడా డబ్బుతో పై ఎడిషన్‌కు మారవచ్చు. ఎఫ్‌ఎల్ స్టూడియోకు ఆ తర్వాతి అప్‌డేట్లు జీవితాంతం ఉచితం. ఇప్పుడే మొదలుపెడుతున్నవారికి నా సలహా అడిగితే రీపర్ చెబుతాను: 60 రోజులు ఏ పరిమితీ లేకుండా వాడి చూడవచ్చు, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. దానికి తగ్గింపు కోసం ఎదురుచూసే పనే లేదు.

నిన్న తెరుచుకున్న ప్లగిన్ ఇవాళ లైసెన్సు అడుగుతోంది

ఐలాక్ (ప్లగిన్ల లైసెన్సులను సరిచూసే వ్యవస్థ) వాడే ప్లగిన్ అయితే ఐలాక్ లైసెన్స్ మేనేజర్ తెరిచి, లైసెన్సు కంప్యూటర్ మీద ఉందా, క్లౌడ్‌లో ఉందా చూడండి. క్లౌడ్‌లో ఉంటే పని చేస్తున్నంతసేపూ ఇంటర్నెట్ ఉండాలి. కరెంటు పోయి వైఫై ఆగితే ల్యాప్‌టాప్ నడుస్తున్నా ప్లగిన్ ఆగుతుంది. లైసెన్సును కంప్యూటర్ మీదికి మార్చండి, తీరిపోతుంది. కొన్ని ప్లగిన్లకు ఐలాక్ యూఎస్‌బీ పరికరమే కావాలి. దాని ధర విడిగా ఉంటుంది, అదీ ఆ నాలుగు వరుసల్లోనే రాసి ఉంటుంది.

మిగతావి

యాంటీవైరస్ అడ్డుపడటం, విండోస్ వాడుకరి పేరులో తెలుగు అక్షరాలు ఉండటం వల్ల ఫోల్డరు దొరక్కపోవడం, డౌన్‌లోడ్ సగంలో తెగి జిప్ పాడవడం అరుదుగా జరుగుతాయి. మొదటిదానికి ఇన్‌స్టాల్ అయ్యేవరకు యాంటీవైరస్ ఆపండి, రెండోదానికి ఇంగ్లిష్ పేరుతో కొత్త ఖాతా తెరవండి, మూడోదానికి మళ్లీ దించుకోండి. కొత్త మ్యాక్‌లో పాత ప్లగిన్ కనబడకపోతే మ్యూజిక్ ప్రోగ్రాంను రోజెట్టాలో (పాత మ్యాక్‌ల సాఫ్ట్‌వేర్‌ను కొత్తవాటిలో నడిపే యాపిల్ ఏర్పాటు) తెరిచి చూడండి.