ఫాస్ట్ టెలిఫోటో లెన్స్ మాక్రోకు సరిపోతుందో లేదో తేల్చుకోవడం ఎలా?

135 మి.మీ. ఎఫ్/2 వంటి ఫాస్ట్ టెలిఫోటో లెన్స్, అంటే దూరపు వాటిని దగ్గరగా చూపే పెద్ద అపర్చర్ లెన్స్ ఉన్నవారికి దానితోనే పురుగులను, పూలను మాక్రోగా, అంటే బాగా దగ్గరగా, తీయవచ్చు కదా అన్న ఆలోచన రావడం సహజం. అయితే ఇక్కడ ముందుగా చూడవలసింది అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ అది పెద్దది) కాదు, మాగ్నిఫికేషన్, అంటే సెన్సర్ మీద పడే బింబం అసలు వస్తువులో ఎన్నో వంతు ఉంటుందన్నది.

దాన్ని కొలవడం తేలిక. మాన్యువల్ ఫోకస్‌లో రింగును అతి దగ్గరి దూరానికి తిప్పి, ఇక దాన్ని కదపకుండా, కెమెరానే ముందుకూ వెనక్కూ జరుపుతూ ఒక స్కేలు మీద ఫోకస్ కుదిరిన చోట ఫోటో తీయండి. ఫ్రేము వెడల్పులో ఎన్ని మిల్లీమీటర్లు కనిపిస్తున్నాయో చూసి, సెన్సర్ వెడల్పును ఆ సంఖ్యతో భాగించండి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ. కనుక, స్కేలు 190 మి.మీ. మేర కనిపిస్తే మాగ్నిఫికేషన్ సుమారు 0.19, కెనాన్ ఈఎఫ్ 135 మి.మీ. ఎఫ్/2 ఇచ్చేది అంతే. అరచేతంత పువ్వుకు అది చాలు. అయిదు మిల్లీమీటర్ల చీమ మాత్రం సెన్సర్ మీద ఒక్క మిల్లీమీటరే ఉంటుంది. 1:1 (అంటే మాగ్నిఫికేషన్ 1 ఉన్న) మాక్రో లెన్స్‌తో పూర్తి అయిదూ ఉంటుంది.

ఎక్స్‌టెన్షన్ ట్యూబుతో (కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఖాళీ గొట్టం) మాగ్నిఫికేషన్ అదనంగా ఎంత వస్తుందో తెలియాలంటే ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 25 మి.మీ. ట్యూబు 135 మి.మీ. లెన్స్‌ను దాదాపు 0.37కు చేరుస్తుంది కానీ, 200 మి.మీ. లెన్స్‌కు 0.125 మాత్రమే కలుపుతుంది. అందుకే పొడవైన లెన్స్‌కు ముందువైపు బిగించే క్లోజప్ లెన్సే మేలని నా అభిప్రాయం: +2 డయాప్టర్ (లెన్స్ శక్తి కొలమానం) ‌ది పెడితే 200 మి.మీ. వద్ద, ఫోకస్ అనంతంలో ఉన్నప్పుడే 0.4 వస్తుంది, పురుగుకు అర మీటరు దూరంలోనే ఉండవచ్చు. రెండు గాజులు కలిపి చేసిన అక్రోమాటిక్ రకమే తీసుకోండి. ఒంటి గాజు రకంతో అంచుల్లో రంగుల చారలు వస్తాయి.

ఇక ఎఫ్/2 సంగతి. 0.37 మాగ్నిఫికేషన్ వద్ద పూర్తిగా తెరిచిన అపర్చర్‌తో స్పష్టంగా వచ్చే లోతు ఒక మిల్లీమీటరు పైచిలుకే కాబట్టి, తూనీగ కన్ను పదునుగా వచ్చినా రెక్కల మొదళ్లు మసకబారతాయి. అపర్చర్‌ను ఎఫ్/11కు తగ్గిస్తే ఆ లోతు ఆరు మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే డబ్బు పోసి కొన్న పెద్ద అపర్చర్ ఈ పనిలో చాలావరకు వాడకుండానే ఉండిపోతుంది. వ్యూఫైండర్ వెలుతురుకు, ఆటోఫోకస్‌కు అది తోడ్పడే మాట మాత్రం నిజం.

చివరగా, అచ్చు కాగితాన్ని గోడకు చదునుగా అంటించి, కెమెరాను దానికి సమాంతరంగా నిలిపి, అతి దగ్గరి దూరంలో ఎఫ్/2, ఎఫ్/8 రెండింటిలోనూ తీసి మూలల్లోని అక్షరాలను పోల్చండి. ఎఫ్/8లోనూ అవి అలికినట్టుంటే, ఆ లెన్స్‌ను మూలల్లో పదును అంతగా అవసరంలేని సీతాకోకచిలుకలకు, తూనీగలకు ఉంచుకుని, స్టాంపులు, నాణేల వంటి చదునైన వస్తువులకు 100 మి.మీ. ఎఫ్/2.8 తరహా మాక్రో లెన్స్ విడిగా తీసుకోవడమే మంచిది.