పాత రేవెన్ .25 పిస్తోలు చేతికొస్తే ఏం చూడాలి

అమెరికాలో తాతగారి డ్రాయర్‌లోనో, సెకండ్ హ్యాండ్ తుపాకుల షాపులోనో అరచేతిలో ఇమిడే చిన్న పిస్తోలు కనిపించి, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) పక్కన రేవెన్ ఆర్మ్స్, మోడల్ ఎంపీ-25 అని ఉందనుకోండి. రేటు సంగతి తర్వాత, ముందు లోపల తూటా ఉందేమో చూడండి. గొట్టం ఎవరి వైపూ లేకుండా తిప్పి, వేలు ట్రిగ్గర్ మీద పెట్టకుండా మ్యాగజైన్ (పిడిలో తూటాలుండే డబ్బా) తీసేయండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అసలు ప్రమాదం ఇక్కడే ఉంది: మ్యాగజైన్ బయటికొచ్చినా ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో, ఒక తూటా మిగిలి ఉండొచ్చు. స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి, చేత్తో అలాగే పట్టుకుని, వెలుతురులో ఛాంబర్ లోపలికి చూడండి. ఒకసారి చాలదు, రెండుసార్లు చూడండి.

రేవెన్ చవక పిస్తోలు. ఇలాంటిది అమెరికాలో ఎందుకు పుట్టిందంటే, కారణం అక్కడి 1968 తుపాకుల చట్టం. చిన్న చిన్న చవక పిస్తోళ్లు విదేశాల నుంచి దిగుమతి కాకుండా అది అడ్డుకుంది, కానీ దేశంలోపల తయారీని మాత్రం వదిలేసింది. ఆ సందులోంచి దూరినవాడే జార్జ్ జెన్నింగ్స్. 1970లో కాలిఫోర్నియాలో కంపెనీ పెట్టి, తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ రూపొందించగా 1905 ప్రాంతంలో మార్కెట్‌కొచ్చిన .25 (దాదాపు పావు అంగుళం మందం) తూటాకి సరిపోయే పిస్తోలు పోత పోయించాడు. మ్యాగజైన్‌లో ఆరు తూటాలు పడతాయి. 1991లో ఫ్యాక్టరీ తగలబడింది, తర్వాత ఆ డిజైన్ ఫీనిక్స్ ఆర్మ్స్ అనే మరో కంపెనీ చేతికెళ్లింది.

ఇక లోహం. ఫ్రేమ్, స్లైడ్ ఉక్కు కాదు, జమాక్ అనే జింక్ మిశ్రమం. ఇది దాదాపు 380 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలెడుతుంది, అందుకే ఇలాంటి పిస్తోళ్లని ఆపడానికి ఇల్లినాయ్, సౌత్ కరోలినా లాంటి రాష్ట్రాలు ఏకంగా కరిగే ఉష్ణోగ్రత మీదే చట్టాలు చేశాయి (నా దృష్టిలో కాస్త విచిత్రమైన ఆలోచనే). మీకు కావాల్సిందేంటంటే, స్లైడ్ అంచులు, ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్‌ని కాపాడే వంపు) చుట్టూ సన్నని బీటలున్నాయేమో గోటితో తడిమి చూడాలి, పై పూత లేచిన చోట తెల్లటి పొడి కనిపిస్తే జింక్‌ని తుప్పు తినేస్తోందని అర్థం. బీట కనిపించిందా, పేల్చే ఆలోచన మానుకోండి. బాగానే ఉందనిపించినా తుపాకుల మెకానిక్‌కి చూపించకుండా కాల్చొద్దు.

ఛాంబర్‌లో తూటా పెట్టి జేబులో వేసుకుని తిరగొద్దు. ఈ తరహా పాత చవక పిస్తోళ్లు కిందపడితే పేలే ప్రమాదం ఉంది, సేఫ్టీ వేశాం కదా అని టెన్షన్ లేకుండా ఉండటానికి లేదు. ఖాళీ పిస్తోలుని ఊరికే టిక్కుటిక్కుమని నొక్కడం కూడా మంచిది కాదు, లోపలి పిన్ దెబ్బతింటుంది.

అమ్మేటప్పుడు కొనేవాళ్లు వేరే రాష్ట్రంలో ఉంటే లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే వెళ్లాలి. వారసత్వంగా వచ్చినదానికి ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది కానీ, మీ రాష్ట్రం రూల్ వేరుగా ఉండొచ్చు, అది చూసుకున్నాకే రాష్ట్రం దాటించండి.