జాకెట్టు సైజు వేరు, బ్రా సైజు వేరు: ఇంట్లోనే టేపుతో కొలుచుకునే పద్ధతి

జాకెట్టు 36 కదా అని బ్రా కూడా 36 అడిగి తెచ్చుకోవడం మన దగ్గర బాగా అలవాటు. దర్జీ పుస్తకంలో రాసుకున్న 36 ఛాతీ నిండుగా ఉన్నచోటి చుట్టుకొలత. బ్రా మీద ఉండే అంకె మాత్రం రొమ్ముల కింద, పక్కటెముకల మీద కూర్చునే బ్యాండ్‌ది. జాకెట్టు 36 వేసుకునే మనిషికి 34బి సరిపోవచ్చు, 32డి సరిపోవచ్చు (అంకె పక్క అక్షరం కప్పు సైజు). తెలియక 36 తొడిగితే బ్యాండ్ వీపు మీదకి పాకుతుంది, బరువంతా భుజాల మీద పడుతుంది. నిజానికి ఆ బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది బ్యాండే. భుజాల మీద గాడులు పడుతున్నాయంటే స్ట్రాప్‌ను తిట్టుకోకుండా ముందు బ్యాండ్‌ను అనుమానించండి.

కొలవడానికి కుట్టు టేపు, నిలువుటద్దం, కాగితం, పెన్ను చాలు. గుడ్డ టేపులు పాతబడితే సాగుతాయి కాబట్టి ముందు పిల్లల స్కేలు పక్కన పెట్టి 12 అంగుళాలు కచ్చితంగా ఉన్నాయో లేదో చూడండి. టేపు లేదా? సాగని లంగా బొందు తీసుకుని చుట్టండి, కొసలు కలిసినచోట పెన్నుతో గీత పెట్టి స్కేలు మీద కొలవండి. నెలసరికి ముందు వారం మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. అప్పుడు రొమ్ములు ఉబ్బి ఉంటాయి, కప్పు ఒక సైజు ఎక్కువ చూపించవచ్చు.

మొదటి కొలత రొమ్ముల కింద. దీన్ని ఒంటి మీద బట్ట లేకుండా తీసుకోవాలి. రొమ్ము ముగిసే మడత దగ్గర టేపు చుట్టి, ఊపిరి వదిలేసి, టేపు చర్మానికి అతుక్కునేలా లాగి చూడండి. నొక్కుకుపోకూడదు, జారకూడదు. ఎక్కువ తప్పులు జరిగేది వీపు వైపు: చేతులు అందక టేపు అక్కడ కిందికో పైకో జారుతుంది, కొలత ఒక అంగుళం పెరిగిపోతుంది. అద్దానికి పక్కగా నిలబడి టేపు నేలకు సమానంగా ఉందో లేదో చూసుకోండి. మూడుసార్లు కొలిచి, రెండుసార్లు వచ్చిన అంకె రాసుకోండి.

రెండో కొలత ఛాతీ అన్నిటికన్నా నిండుగా ఉన్నచోట, చనుమొనల మీదుగా. దీనికి ప్యాడ్ లేని పల్చటి బ్రా వేసుకోండి. ప్యాడ్ ఉంటే దాని మందం కూడా కొలతలో కలిసిపోతుంది. ఇక్కడ టేపు వదులుగా ఆనాలి, రొమ్మును అదమకూడదు. రొమ్ములు బరువుగా జారి ఉన్నవాళ్లు బ్రా తీసేసి, నడుం దగ్గర నేలకు సమాంతరంగా వంగి కొలిస్తే కణజాలం అంతా లెక్కలోకి వస్తుంది. నిలబడి ఒకసారి, వంగి ఒకసారి కొలిచి, రెండూ బాగా తేడాగా ఉంటే మధ్య అంకె తీసుకోవచ్చు.

ఇప్పుడు లెక్క. మన దుకాణాల్లో దొరికే చాలా కంపెనీల పట్టికలు కింది కొలతకు 4 లేదా 5 కలిపే పద్ధతిలోనే ఉంటాయి. సరి అంకె వస్తే 4 కలపాలి, బేసి వస్తే 5. అంటే 27, 28 వస్తే 32. 29, 30 వస్తే 34. 31, 32 వస్తే 36. 33, 34 వస్తే 38. లేబుల్ మీద 34బి పక్కన 75బి అని కూడా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. 75 అనేది సెంటీమీటర్లలో అసలు కింది కొలత, 73 నుంచి 77 వరకు వచ్చేవాళ్లకు. అంగుళాల్లో చూస్తే 29, 30 దానిలోనే పడతాయి.

కప్పు కోసం పై కొలతలోంచి బ్యాండ్ సైజు తీసేయండి. తేడా 1 అంగుళం అయితే ఎ, 2 అయితే బి, 3 అయితే సి, 4 అయితే డి, 5 అయితే డిడి. ఉదాహరణకు కింద 29, పైన 36½ వచ్చిందనుకోండి. 29కి 5 కలిపితే బ్యాండ్ 34. తేడా రెండున్నర. బి, సి మధ్యలో ఆగిపోయినప్పుడు ముందు సి వేసి చూడండి. చిన్న కప్పు కోసుకుపోయే బాధకన్నా కాస్త పెద్ద కప్పును సర్దుకోవడం తేలిక.

కొన్ని ఆన్‌లైన్ లెక్కలు ఏమీ కలపకుండా కింది కొలతనే బ్యాండ్ సైజుగా తీసుకుంటాయి. అదే మనిషికి అక్కడ 29 పక్కనున్న సరి అంకె 30 అని, కప్పు అక్షరం చాలా ముందుకెళ్లి వస్తుంది. రెండు పద్ధతులూ కలిపేస్తే ఏదీ సరిపోదు. ఏ కంపెనీది కొంటున్నారో దాని పట్టికే చూడండి. అమెరికా, ఇంగ్లండుల్లో కొనేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది: డిడి తర్వాత అమెరికాలో డిడిడి వస్తే, ఇంగ్లండులో ఇ వస్తుంది.

వచ్చిన సైజు మొదటి ఊహ మాత్రమే, తేల్చేది తొడిగి చూడటమే. ఫ్యాన్సీ షాపుల్లో ట్రయల్ రూమ్ ఉండదు కాబట్టి మార్చి ఇస్తారో లేదో ముందే అడిగి, ట్యాగు తీయకుండా ఇంట్లో చూసుకోండి. కొత్త బ్రాను అన్నిటికన్నా బయటి వరుస హుక్కుకు పెట్టాలి. ఎలాస్టిక్ సాగుతున్న కొద్దీ లోపలి వరుసలకు జరుపుకోవడానికే ఆ మూడు వరుసలు. మొదటి రోజే లోపలి హుక్కుకు గానీ సరిపోవడం లేదంటే బ్యాండ్ పెద్దదని అర్థం.

హుక్కు పెట్టాక కాస్త ముందుకు వంగి, చంక పక్క నుంచి చెయ్యి కప్పులోకి పోనిచ్చి, పక్కకు పోయిన కండను ముందుకు తెచ్చుకోండి. రెండు వైపులా. చాలామంది ఈ పని చెయ్యరు, అందుకే చిన్న కప్పు కూడా సరిపోయినట్టు కనిపిస్తుంది. తర్వాత చేతులు రెండూ పైకెత్తండి. బ్యాండ్ పైకి లేచిందా, వదులు. వెనక బ్యాండ్ కింద రెండు వేళ్లు దూరితే సరి, పిడికిలి దూరితే ఎక్కువ. కప్పు అంచు మీద రొమ్ము పొంగి రెండుగా కనిపిస్తే, లేదా కప్పు కింద ఉండే వైరు చంక పక్కన రొమ్ము మీదే కూర్చుంటే కప్పు చిన్నది. వైరు ఉన్న బ్రాలో మధ్య ముక్క ఛాతీ ఎముకకు ఆనాలి, గాలిలో తేలితే అదీ చిన్న కప్పు గుర్తే. పైన ముడతలు పడితే ముందు స్ట్రాప్ బిగించి చూసి, అప్పటికీ పోకపోతే కప్పు తగ్గించండి.

కప్పు బాగుండి బ్యాండ్ ఒక్కటే తేడా చేస్తే పక్క సైజుకు వెళ్లాలి. బ్యాండ్ ఒకటి దించితే కప్పు అక్షరం ఒకటి పెంచాలి. 34బి, 32సి, 36ఎ, ఈ మూడింటి కప్పులో పట్టేది ఒకటే. 34బిలో బ్యాండ్ వదులైతే 32బి కాదు, 32సి అడగండి. బిగుతుగా ఉంటే హుక్కుకు తగిలించే ఎక్స్‌టెండర్ ముక్క దొరుకుతుంది, తాత్కాలికంగా సరిపోతుంది.

ఎలాస్టిక్ వెనక ముక్కలో మాత్రమే ఉండే సాదా కాటన్ బ్రాలు పెద్దగా సాగవు. వాటిలో రెండు సైజుల మధ్య ఉన్నవాళ్లు పెద్ద బ్యాండ్ తీసుకోవడమే నయం. రెండు రొమ్ములూ సమానంగా లేకపోవడం మామూలే, పెద్దదానికి సరిపోయేలా కొని రెండోవైపు స్ట్రాప్ కాస్త బిగించుకోండి. గర్భిణులు మాత్రం పాలిచ్చేటప్పుడు వేసుకునే బ్రాలు కాన్పుకు ముందే అరడజను కొని పెట్టుకోవద్దు. ఒకటి రెండు చాలు, పాలు కుదురుకున్నాక మళ్లీ కొలిచి మిగతావి తెచ్చుకోండి.