కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించిన బిడ్డకు ఇంట్లో మాట నేర్పడం

ఆపరేషన్ జరిగిన మూడు నాలుగు వారాలకు, కుట్లు మానిన తరువాత, చెవి వెనుక పెట్టే ప్రాసెసర్‌ను మొదటిసారి స్విచ్ ఆన్ చేస్తారు. ఆ రోజు మా పాప నోటి నుంచి ‘అమ్మా’ అన్న మాట వస్తుందని నమ్మి మా అత్తమ్మ హనుమకొండ నుంచి హైదరాబాదు దాకా మిఠాయి డబ్బా వెంట తెచ్చింది. పాప మాత్రం శబ్దం తగలగానే ఉలిక్కిపడి, నా కొంగు పట్టుకొని ఏడ్చి, తలకు అయస్కాంతంతో అంటుకున్న కాయిల్‌ను పీకేసింది. అలా ఏడవడం సహజమనీ, మిషన్ పనిచేస్తున్నదనడానికి అదే మొదటి గుర్తు అనీ మాకు తెలియక తిరుగు ప్రయాణమంతా మౌనంగా కూర్చున్నాం. ఆ మిఠాయి డబ్బా తెరవలేదు.

వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచి చెవికి అందిస్తుంది. ఇంప్లాంట్ అలా కాదు. దెబ్బతిన్న లోపలి చెవిని దాటి, చర్మం కింద అమర్చిన భాగం నుంచి లోపలికి వెళ్లిన సన్నని ఎలక్ట్రోడ్ల ద్వారా, తయారీని బట్టి 12 నుంచి 22 దాకా ఉండే ఆ బిందువుల ద్వారా, వినికిడి నరాన్ని నేరుగా ప్రేరేపిస్తుంది. కాబట్టి బిడ్డకు అందేది మనకు తెలిసిన శబ్దం కాదు. దాన్ని మాటగా పోల్చుకోవడం మెదడు కొత్తగా నేర్చుకోవాలి. పుట్టిన శిశువు కూడా ఇంచుమించు ఏడాది పాటు విన్న తరువాతే మొదటి మాట అంటుంది. స్విచ్ ఆన్ అయిన రోజును వినికిడి పుట్టినరోజుగా లెక్కించండి. మూడేళ్ల బిడ్డకు వినికిడి వయసు నాలుగు నెలలే అయితే, నాలుగు నెలల శిశువుతో ఎంత ఓపికగా మాట్లాడతామో ఆ బిడ్డతోనూ అంతే ఓపికగా మాట్లాడాలి. అయితే మెదడులోని వినికిడి మార్గాలు శబ్దానికి బాగా అలవాటుపడే కాలం జీవితపు తొలి మూడున్నరేళ్లు కనుక, బిడ్డకు వినబడడం లేదన్న అనుమానం వచ్చిన వెంటనే పరీక్ష చేయించాలి. అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చెప్తే వారు జిల్లా కేంద్రానికి పంపుతారు, శబ్దానికి వినికిడి నరం స్పందనను కొలిచే బెరా పరీక్షలో సంగతి తేలుతుంది. శస్త్రచికిత్సకు ఆరోగ్యశ్రీ, వికలాంగులకు పరికరాల కోసం కేంద్రం నడిపే ఏడిప్ పథకం ఉన్నాయి. వయసు పరిమితులు ఉంటాయి కనుక కాగితాల కోసం నెలలు పోనివ్వకండి.

ఇంటికి వచ్చిన తరువాత మొదటి పని, నిద్ర లేచిన క్షణం నుంచి పడుకునే దాకా మిషన్ తల మీద ఉండేలా చూడడం. స్నానానికి తీయాలి, అంతే. రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నదీ ప్రాసెసర్ తనంతట తానే నమోదు చేసుకుంటుంది, మ్యాపింగ్‌కు, అంటే మిషన్ స్థాయిలను బిడ్డకు తగినట్లు సరిచేయించడానికి, వెళ్లినప్పుడు ఆడియాలజిస్టుకు (వినికిడి నిపుణులకు) ఆ లెక్క కనబడుతుంది. చిన్న పిల్లలు పీకేస్తారు. కోప్పడకుండా, చూపు వేరే వైపు తిప్పి, మళ్లీ పెట్టండి. పదిసార్లు పీకితే పదకొండోసారీ పెట్టండి. నూలు టోపీ, మెడ వెనుక చొక్కాకు తగిలించే దారం క్లిప్పు చాలా ఉపయోగపడతాయి. వానాకాలంలో తేమ, ఎండాకాలంలో చెమట ప్రాసెసర్‌ను పాడుచేస్తాయి. రాత్రిపూట సిలికా జెల్ ఉన్న డ్రై బాక్సులో పెట్టాలి, జెల్ రంగు మారితే కొత్తది వేయాలి. వారంటీ గడిచాక కాయిల్, కేబుల్, బ్యాటరీల ఖర్చు ఇంటి మీదనే పడుతుంది. నెలనెలా కొంత సొమ్ము దీని కోసమే పక్కన పెట్టడం నేను గట్టిగా చెప్పే మాట, ఎందుకంటే తెగిన కేబుల్ కోసం పది రోజులు ఆగితే ఆ పది రోజులూ బిడ్డకు ఏమీ వినబడదు.

రోజూ పొద్దున మిషన్ పెట్టగానే రెండు నిమిషాల పరీక్ష ఒకటి చేయాలి. దీన్ని డేనియల్ లింగ్ రూపొందించాడు. ఆ, ఈ, ఊ, మ్, శ్, స్ అనే ఆరు ధ్వనులు మాటలోని మంద్ర స్థాయి నుంచి హెచ్చు స్థాయి దాకా దాదాపు అంతటినీ పరీక్షిస్తాయి. బిడ్డ వెనుక, ఒక మీటరు దూరంలో కూర్చొని, పెదవులు కనబడకుండా, మామూలు గొంతుతో ఒక్కొక్కటే అనండి. వరుస రోజూ మార్చండి, మధ్యలో కాసేపు ఏమీ అనకుండా ఉండండి. మాట రాని బిడ్డ చేత ధ్వని వినబడ్డప్పుడల్లా గిన్నెలో చింతగింజ వేయించండి. ఒకసారి మా పాప వరుసగా రెండు రోజులు ‘స్’ కు గింజ వేయలేదు, మిగతా ఐదింటికీ టక్కున వేసింది. మొండితనమనుకొని గదమాయించాను. తరువాత మైక్రోఫోన్ మూత తీసి చూస్తే, నేను స్నానం చేయించి ముఖానికి పూసే పౌడరే అందులో పేరుకొని ఉంది. మూత మార్చిన మరుక్షణం గింజ పడింది. ఆ రెండు రోజులు పిల్లను గదమాయించినందుకు ఇప్పటికీ బాధపడతాను; మీరు మాత్రం ముందు మిషన్‌ను అనుమానించండి, ఆ తరువాతనే బిడ్డను.

వినడం, మాట్లాడడం నేర్పే థెరపీ వారానికి గంటో రెండు గంటలో. మెలకువగా ఉన్న మిగతా సమయమంతా ఇంట్లోనే గడుస్తుంది కనుక, మాట వచ్చేది వంటింట్లో, వాకిట్లో. పల్లికాయ ఒలిచేటప్పుడు కాయను వెంటనే చేతికి ఇవ్వకుండా, ముందు మాట వినిపించి తరువాత వస్తువు చూపండి: ‘పల్లికాయ ఒలుద్దామా? పగలగొట్టు. టప్. లోపల ఎన్ని గింజలున్నయి?’ అడిగి ఆగండి. మనసులో ఐదు లెక్కపెట్టేంత సేపు ఎదురుచూపుతో బిడ్డ ముఖం చూస్తే, జవాబు వెతుక్కునే వ్యవధి దొరుకుతుంది. ‘ఇదేంటి, ఇదేంటి’ అని పదే పదే పరీక్షించడం కన్నా, బిడ్డ ‘పాలు’ అంటే ‘వేడి పాలు కావాల్నా’ అని ఒక మాట చేర్చి తిరిగి ఇవ్వడం ఎక్కువ పనిచేస్తుంది. కాజీపేట వైపు రైలు కూత వినబడితే చేతిలో పని ఆపి, మీ చెవి మీద వేలు పెట్టి, ‘ఇనవడ్డదా బిడ్డా? రైలు’ అనండి. కుక్కర్ కూత, బయట బర్రె అరుపు, తలుపు చప్పుడు, ప్రతిదానికీ పేరుందని తెలియాలి.

తెలుగుకు ప్రత్యేకమైన ఒక ఇబ్బందిని కూడా గుర్తుపెట్టుకోవాలి. మన వాక్యంలో ఎవరికి, ఎక్కడ, దేనితో అన్న సంగతులన్నీ మాట చివర చేరే చిన్న ధ్వనుల్లో ఉంటాయి. మనం మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు తగ్గేది కూడా సరిగ్గా అక్కడే. అందుకే ఇంప్లాంట్ పిల్లలు ‘గిన్నె పాలు పోసిన’ అన్నట్లుగా విభక్తులు వదిలేసి మాట్లాడతారు. ‘గిన్నెలో’, ‘గిన్నె మీద’, ‘తమ్మునికి’, ‘తమ్మునితో’ అనేటప్పుడు ఆ చివరను కొద్దిగా ఎత్తి, వస్తువును అక్కడే పెట్టి చూపుతూ ఆడండి. బడిలో ఇంగ్లిష్ కనుక ఇంట్లోనూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడండని మాకు ఒకరు సలహా ఇచ్చారు. అది పాటించి ఆరు నెలలు పోగొట్టుకున్నాం, ఎందుకంటే మాకు వచ్చిన ఇంగ్లిష్ నాలుగు ముక్కలే, నాయనమ్మకు అదీ లేదు. మీరు నిద్రలో కూడా మాట్లాడే భాషలోనే మాట్లాడండి. ఇంగ్లిష్ తరువాత వస్తుంది.

చుట్టూ రొద ఉంటే ఇంప్లాంట్‌తో వినడం చాలా కష్టం. ఓరుగల్లు ఎండల్లో కూలర్ ఆపమనడం కష్టమే, కానీ ఆ హోరులో బిడ్డకు మీ మాట అందదు. టీవీ కట్టేసి, కూలర్‌కు దూరంగా, ఇంప్లాంట్ ఉన్న వైపు దగ్గరగా కూర్చొని రోజూ కొంతసేపు మాట్లాడండి. బడిలో ముందు వరుస, కిటికీకి, ఫ్యానుకు దూరంగా ఉన్న చోటు అడగండి, టీచర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడవద్దని మర్యాదగా చెప్పండి. బతుకమ్మ ఆడే చోట గుంపు గొంతుల మధ్య పాట విడిగా తెలియదు కనుక, పండుగకు పది రోజుల ముందు నుంచే ఇంట్లో మెల్లగా పాడి వినిపించండి. పాదం చివర ‘ఉయ్యాలో’ తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి రెండు మూడు మాటలు వచ్చిన బిడ్డ కూడా అక్కడ గొంతు కలపగలదు.

కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. వేములవాడలోనో కొమురవెల్లిలోనో పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు ఉంటే, ముందు డాక్టర్‌ను అడిగి, చెవి వెనుక చర్మం కింద మిషన్ ఉన్నదని కత్తి పట్టే మనిషికి వేలు పెట్టి చూపించండి. అయస్కాంతం కింద చర్మం ఎర్రబడితే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ఇంప్లాంట్ ఉన్నవారికి మెదడు పొరల వాపు (మెనింజైటిస్) ముప్పు కొంత ఎక్కువ కనుక న్యుమోకోకల్ టీకాలు తప్పనిసరి. జ్వరంతో పాటు మెడ బిగుసుకున్నా, వాంతులు అయినా తెల్లారేదాకా ఆగవద్దు. ఎంఆర్ఐ రాస్తే ఇంప్లాంట్ ఉన్నదని, దాని కార్డు చూపించి, ముందుగానే చెప్పాలి. మేనరికం పెళ్లిళ్లలో వారసత్వపు చెవుడు అవకాశం పెరుగుతుంది, అయితే దగ్గరి చుట్టరికం లేని దంపతులకూ ఇలాంటి బిడ్డలు పుడుతున్నారు. ఎవరిది తప్పు అన్న మాట ఇంట్లో లేవనివ్వకండి, తరువాతి బిడ్డకు పుట్టిన వెంటనే వినికిడి పరీక్ష చేయించండి.

మిషన్ తీస్తే బిడ్డకు ఏమీ వినబడదన్నది ఎప్పుడూ మరవవద్దు. సైగలు చేస్తే మాట రాదని బెదిరించేవారి మాట పట్టించుకోకుండా, స్నానానికి, నిద్రకు, జ్వరానికి పనికొచ్చే సైగలు కొన్ని ఇంటిల్లిపాదీ నేర్చుకోండి. మా ఇంట్లో రాత్రి కాయిల్ తీసే ముందు ‘మిషన్ పడుకుంటది, పొద్దున లేస్తది’ అని చెప్పి, డ్రై బాక్సు మూత పాప చేతనే పెట్టిస్తాం; ఆ తరువాత చీకటిలో భయపడకుండా, నా ముఖం కనబడేలా చిన్న బల్బు ఒకటి వెలిగించి ఉంచుతాం.