ఆక్సిలేటర్ తొక్కితే స్పీకర్లో కూత

మా కారులో పాట శబ్దం పెంచే ఆంప్లిఫయర్ (ఆంప్) పెట్టించిన రోజు నుంచే పాట వెనక సన్నగా "కుయ్య్" మనే కూత. ఆక్సిలేటర్ తొక్కితే కూతా పెరిగేది. అలా పెరిగితే, ఇంజన్‌తో పాటు తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ రొదే అనుకోండి. ఇంజన్ ఆపి, తాళం యాక్సెసరీలో ఉంచి వినండి. రొద పోతే అనుమానం తీరినట్టే.

ముందు చవకైన పరీక్ష: ఫోన్ చార్జర్ పీకేయండి. ఫోన్‌ని స్టీరియోకి కలిపే ఆక్స్ వైరుతో పాటలు వినేవాళ్లకు చాలాసార్లు అదే దొంగ.

తగ్గలేదా? సిస్టమ్ ఆపి, ఆంప్ దగ్గర ఆర్‌సీఏ వైర్లు (స్టీరియో నుంచి ఆంప్‌కి పాట తెచ్చేవి) తీసి, మళ్లీ ఆన్ చేయండి. రొద ఆగితే అది స్టీరియో వైపు నుంచి, ఆ వైర్ల గుండా వస్తోంది. ఆగకపోతే ఆంప్ పవర్ వైరు, ఎర్త్ (ఆంప్ నుంచి కారు బాడీకి బిగించే నెగటివ్ వైరు) చూడాలి.

నాది ఎర్తే. డిక్కీలో బోల్టు విప్పి చూస్తే, రింగు కింద పెయింట్ చెక్కుచెదరలేదు! పెయింట్ మీద బిగిస్తే కరెంటు ఎలా పోతుందండీ? బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, పవర్ వైరంత మందం వైరే వేసి గట్టిగా బిగించాను. పొడవు 45 సెంటీమీటర్లు దాటనివ్వలేదు. తర్వాత పాట గట్టిగా పెట్టి, ఆంప్ ఎర్త్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టాను. 0.1 వోల్టు లోపే చూపించింది, అంటే ఎర్త్ కుదిరినట్టే.

పవర్ వైరు రొద ఆర్‌సీఏలోకి ఎక్కకుండా, అది ఒక పక్క నుంచి, ఆర్‌సీఏ ఇంకో పక్క నుంచి లాగండి. రొద తగ్గించే ఫిల్టర్ కొనమంటారు షాపువాళ్లు. ఎర్త్ సరిచేశాకే ఆ ఆలోచన.