ఎంఆర్‌ఎన్‌ఏలో ఎం6ఏ ఎంతుందో మాస్ స్పెక్ట్రోమీటరుతో కొలవడం

ఆర్‌ఎన్‌ఏలోని నాలుగు న్యూక్లియోసైడ్లలో ఒకటైన ఎడినోసిన్‌లో ఆరో స్థానంలోని నైట్రోజన్ మీద మిథైల్ సమూహం చేరితే అది ఎం6ఏ. క్షీరదాల ఎంఆర్‌ఎన్‌ఏలో ఇది ఉందని 1974లోనే తెలిసింది. ఎఫ్‌టీవో ఎంజైము దాన్ని తీసేయగలదని 2011లో తేలాక ల్యాబులన్నీ దీని వెంట పడ్డాయి. పొర మీద చుక్కగా వేసిన ఆర్‌ఎన్‌ఏను యాంటీబాడీతో పరీక్షించే డాట్ బ్లాట్ హెచ్చుతగ్గులు చూపిస్తుందేమో గానీ నమ్మదగిన అంకె ఇవ్వదు. అంకె కావాలంటే ఆర్‌ఎన్‌ఏను విడి న్యూక్లియోసైడ్లుగా కోసి ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌లో (కాలమ్‌లో విడదీసి మాస్ స్పెక్ట్రోమీటరుతో కొలిచే యంత్రం) పెట్టాల్సిందే.

చాలామంది మెషీన్ దగ్గర తంటాలు పడతారు. అసలు పని శుద్ధి దగ్గరే ఉంది. కణంలోని మొత్తం ఆర్‌ఎన్‌ఏలో ఎంఆర్‌ఎన్‌ఏ 1 నుంచి 5 శాతమే కాబట్టి కనీసం 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టండి. డీఎన్‌ఏను కోసే డీఎన్‌ఏస్ ఎంజైము వేశాక, ఎంఆర్‌ఎన్‌ఏ పాలీ-ఏ తోకను పట్టుకునే ఒలిగో-డీటీ పూసలతో రెండుసార్లు పట్టి, మిగిలిన రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏను డిప్లీషన్ కిట్‌తో తీసేయండి. ఒక్కసారి పడితే చాలదా అంటే, చాలదు. మనిషి రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏలైన 18ఎస్‌లో ఒకటి, 28ఎస్‌లో ఒకటి ఎం6ఏలు ఉంటాయి. ఎడినోసిన్‌తో పోల్చి లెక్కేస్తే అదీ ఎంఆర్‌ఎన్‌ఏలో కనిపించే 0.1–0.4 శాతం పరిధిలోనే పడుతుంది. అంటే సగం నమూనా రైబోసోమ్‌దే అయినా ఫలితం చక్కగానే కనిపిస్తుంది. తప్పు జరిగినట్టే తెలియదు.

కోయడానికి 200 నానోగ్రాముల ఎంఆర్‌ఎన్‌ఏ తీసుకుని, 25 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 2.5 మిల్లీమోలార్ జింక్ క్లోరైడ్ ఉన్న 25 మైక్రోలీటర్ల బఫర్‌లో 2 యూనిట్ల న్యూక్లియేస్ పీ1 వేసి 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచండి. తర్వాత 1 మోలార్ అమ్మోనియం బైకార్బొనేట్ 3 మైక్రోలీటర్లు, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ 0.5 యూనిట్ కలిపి మరో 2 గంటలు. 50 మైక్రోలీటర్లకు పలుచన చేసి, 0.22 మైక్రాన్ల ఫిల్టరు దాటించి, 5 మైక్రోలీటర్లు ఇంజెక్ట్ చేయండి. త్వరగా అవుతుందని వేడి పెంచొద్దు, పీహెచ్ 8 దాటనివ్వొద్దు. క్షార ద్రావణంలో వేడి తగిలితే ఎం1ఏలోని (ఒకటో స్థానంలో మిథైల్ ఉన్న ఎడినోసిన్) మిథైల్ చోటు మారి అది ఎం6ఏ అయిపోతుంది. దీన్నే డిమ్రాత్ మార్పు అంటారు. ఎం1ఏ ఎక్కువగా ఉండే టీఆర్‌ఎన్‌ఏ కాస్త కలిసినా లేని ఎం6ఏ పుట్టుకొస్తుంది.

సీ18 కాలమ్, 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం, పాజిటివ్ మోడ్ చాలు. అయాను ముక్కలవక ముందు, అయ్యాక ఉండే ఎం/జెడ్ (ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి) ఎడినోసిన్‌కు 268 నుంచి 136, ఎం6ఏకు 282 నుంచి 150 చూడాలి. ఎం1ఏకూ అవే అంకెలు, కాబట్టి కాలమ్ నుంచి బయటికొచ్చే సమయమే రెండింటినీ విడదీస్తుంది. విద్యుదావేశం ఉన్న ఎం1ఏ ముందొస్తుంది, ఎం6ఏ ఎడినోసిన్ తర్వాత వస్తుంది. స్టాండర్డ్‌తో ఈ సమయాలు ముందే సరిచూసుకోండి.

అదే రన్‌లో 296 నుంచి 164 కూడా పెట్టండి. అది రెండు మిథైళ్లున్న ఎడినోసిన్. 18ఎస్ చివర పక్కపక్కనే రెండుంటాయి. ఈ శిఖరం కనిపిస్తే రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ పోలేదన్నమాట. ఎం1ఏ పెద్దగా కనిపిస్తే టీఆర్‌ఎన్‌ఏ గానీ 28ఎస్ గానీ ఉన్నట్టు. అదనపు ఖర్చేమీ లేని ఈ తనిఖీని ఎందుకో చాలామంది పట్టించుకోరు.

ఎడినోసిన్ వందల రెట్లు ఎక్కువ కాబట్టి డిటెక్టరు నిండిపోతుంది. అప్పుడది తక్కువగా, నిష్పత్తి ఎక్కువగా కనిపిస్తాయి. ఎడినోసిన్ కోసం నమూనాను విడిగా పలుచన చేసి కొలిచి, పలుచన గుణకంతో హెచ్చించండి. ఎం6ఏ 4 నానోమోలార్, ఎడినోసిన్ 2000 నానోమోలార్ వస్తే నిష్పత్తి 0.2 శాతం.

ఆర్‌ఎన్‌ఏ లేకుండా ఎంజైములు మాత్రమే ఉన్న బ్లాంక్ ప్రతి బ్యాచ్‌లోనూ ఉండాలి. కణాలకు మైకోప్లాస్మా (కణాల కల్చర్లకు సోకే బ్యాక్టీరియా) పరీక్ష కూడా చేయించండి, దాని ఆర్‌ఎన్‌ఏ కలిస్తే అంకె చెడుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏలో ఎం6ఏను పెట్టే ఎంజైము మెట్‌ఎల్3ను తగ్గించిన కణాల్లో అంకె పడిపోవాలి. పడకపోతే ముందు శుద్ధినే అనుమానించండి, ఎందుకంటే 18ఎస్‌లోని ఎం6ఏను పెట్టేది మెట్‌ఎల్5, 28ఎస్‌లోనిది జెడ్‌సీసీహెచ్‌సీ4. మెట్‌ఎల్3 లేకపోయినా అవి తమ పని చేస్తూనే ఉంటాయి.