రెండు పోర్షన్ల మధ్య గోడ శబ్దం ఆపాలంటే ఎలా చేయాలి?

పక్క పోర్షన్‌వాళ్ల సీరియల్లో నిన్న రాత్రి ఏం జరిగిందో మీకూ తెలుస్తోందంటే, గోడ పలచగా ఉందనుకుంటారు అందరూ. కాదు. గోడకి ఎక్కడో బొక్క ఉంది. ఈ మాట చెబితే ఓనర్లు నన్ను వింతగా చూస్తారు. లప్పం కొట్టి, పెయింట్ వేసిన నున్నటి గోడ కళ్లెదుట కనిపిస్తుంటే బొక్కేమిటి అని.

హైదరాబాద్‌లో ఖాళీ అయిన పోర్షన్లకి మరమ్మతులు చేయించడం నా పని. పాత ఇంటిని రెండు మూడు పోర్షన్లు చేసి టు-లెట్ బోర్డు తగిలించే ముందు కొందరు పిలుస్తారు. అద్దెకొచ్చినవాళ్లు మూడు నెలలకే విసిగి వెళ్లిపోయాక పిలిచేవాళ్లే ఎక్కువ. అప్పటికే ఆ గోడ మీద ఎవరో ఒక ప్రయోగం చేసి ఉంటారు. కోడిగుడ్ల అట్టలు, నల్ల స్పాంజి షీట్లు, ‘సౌండ్‌ప్రూఫ్’ అని రాసి అమ్మిన వాల్‌పేపరు. అవన్నీ పీకించడంతో నా పని మొదలవుతుంది. స్పాంజి గదిలో మారుమోతని తగ్గిస్తుంది, అంతే. మీ గొంతు మీకు మెత్తగా వినిపిస్తుంది, పక్కవాళ్ల గొంతు ఎప్పటిలాగే వస్తుంది. శబ్దం గోడ దాటకుండా ఉండాలంటే కావలసింది బరువు, గాలి దూరని అతుకులు. స్పాంజికి ఈ రెండూ లేవు.

ముందు గోడ మందం చూసుకోండి. పోర్షన్లు విడగొట్టడానికి కట్టింది దాదాపు ఎప్పుడూ నాలుగంగుళాల గోడే. రెండు వైపులా ప్లాస్టరింగ్ బాగున్న అలాంటి ఇటుక గోడ సుమారు 45 డెసిబెల్స్ ఆపుతుంది. తొమ్మిదంగుళాలదైతే 50 దాకా. అంటే బరువు రెట్టింపు చేసినా దక్కేది ఐదారు డెసిబెల్సే. పది తగ్గితే గానీ చెవికి శబ్దం సగమైనట్టు అనిపించదు. 45 ఆపే గోడ అవతల మామూలుగా మాట్లాడుకుంటే ఇవతలికి గొణుగుడులా వినబడాలి, మాటలు అర్థం కాకూడదు. మాట మాటా తెలుస్తోందా? అయితే మీ గోడ ఆపుతున్నది 30 మాత్రమే.

30 అని ఊరికే అనలేదు. గోడ వైశాల్యంలో వెయ్యో వంతు ఖాళీ ఉంటే చాలు, మిగతా గోడ కోట గోడంత ఉన్నా మొత్తం మీద 30 దగ్గర ఆగిపోతుంది. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడలో వెయ్యో వంతంటే పద్నాలుగు చదరపు అంగుళాలు. ఇంచుమించు ఒక చిన్న స్విచ్ బోర్డు పెట్టె. అందుకే ముందు బొక్కలు మూయాలి, ఆ తర్వాతే గోడ ముందు జిప్సమ్ బోర్డులు. ఈ వరస మార్చినవాళ్లు డబ్బు రెండుసార్లు పెట్టారు. వాళ్లలో నేనూ ఉన్నాను, ఆ సంగతి కింద చెబుతాను.

“పక్కనే ఇంకో ఇటుక గోడ లేపేద్దాం సార్” అంటాడు మేస్త్రీ. కింద పోర్షన్లో పునాది ఉంటే సరే. పై అంతస్తులో, కింద బీము లేని చోట మాత్రం ఒప్పుకోకండి. పది బై పది నాలుగంగుళాల గోడ ప్లాస్టరింగ్‌తో కలిపి రెండు టన్నులు దాటుతుంది. అదంతా స్లాబు మీదే పడుతుంది. నేను కింద చెప్పే ఫ్రేము, బోర్డుల పద్ధతిలో బరువు రెండు, రెండున్నర క్వింటాళ్లు. తేలిక ఇటుకలు, అదే ఏఏసీ బ్లాకులు వాడితే బరువూ ఉండదు, శబ్దమూ రాదని షాపుల్లో చెబుతారు. వేడికి అవి మంచివే. శబ్దాన్ని ఆపేది బరువైనప్పుడు, తేలిగ్గా ఉండటమే గొప్పగా అమ్మే ఇటుక అదే మందపు ఎర్ర ఇటుక కన్నా ఎక్కువ ఎలా ఆపుతుంది?

సామాను గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫాల్స్ సీలింగ్ సామాను అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. 50 మిల్లీమీటర్ల జీఐ చానళ్లు (ఫ్రేముకి వాడే జింకు పూత ఇనుప పట్టీలు), 12.5 మిల్లీమీటర్ల జిప్సమ్ బోర్డులు రెండు పొరలకి సరిపడా, 50 మిల్లీమీటర్ల మందం రాక్‌వూల్, అంటే రాతి పీచు పరుపు (సాంద్రత ఘనమీటరుకి 48 గానీ 64 గానీ కిలోలు), 25, 35 మిల్లీమీటర్ల స్క్రూలు, చానల్ కింద అంటించే రబ్బరు టేపు, అక్రిలిక్ సీలెంట్ (సందులు మూసే, సాగే పేస్టు) గొట్టాలు, దాన్ని నొక్కే గన్ను. సీలెంట్ మీరనుకున్న దానికి రెట్టింపు తెచ్చుకోండి. సిలికాన్ వద్దు, దాని మీద పెయింట్ నిలవదు. చెక్క ఫ్రేము అసలే వద్దు, చెదలకి మనమే విందు పెట్టినట్టు. బాత్‌రూమ్ పక్క గోడైతే తడి తట్టుకునే ఆకుపచ్చ బోర్డు తీసుకోండి. చెమ్మ ఉంటే లీకేజీ సంగతి తేలాకే ఈ పని.

బోర్డుల పని గోడకి ఒక వైపు చేస్తే చాలు. ఖాళీగా ఉన్న పోర్షన్ వైపు చేయించండి.

బొక్కలు వెతకడం

రాత్రి పూట ఒక పోర్షన్లో లైట్లన్నీ ఆర్పి, అవతల గోడకి దగ్గరగా మంచి టార్చి పట్టించండి. వెలుతురు కనబడిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. అయితే వెలుతురు వంకర తిరగదు, శబ్దం తిరుగుతుంది. కాబట్టి రెండో పరీక్ష కూడా చేయాలి. కిటికీలు మూసి, ఒక పోర్షన్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, గోడ వెంబడి అగరుబత్తి మెల్లగా జరపండి. పొగ నిటారుగా లేచినంత సేపు పరవాలేదు. ఎక్కడ పక్కకి వాలినా, లోపలికి పీల్చినట్టు పోయినా, అక్కడ దారి ఉంది.

నాకు ప్రతిసారీ దొరికేవి ఇవే: స్విచ్ బోర్డులు, గోడకీ స్లాబుకీ మధ్య సందు, సజ్జ మీది భాగం, పాత తలుపు.

బొక్కలు మూయడం: పాడుచేసేది ఇక్కడే

మెల్లగా చదవండి, మేస్త్రీకీ చదివి వినిపించండి. మిగతా పనంతా ఎలాగోలా అయిపోతుంది, ఇది మాత్రం ఎలాగోలా చేస్తే కాదు.

స్విచ్ బోర్డుతో మొదలుపెడదాం. కన్సీల్డ్ పెట్టె లోతు దాదాపు రెండంగుళాలు. నాలుగంగుళాల గోడకి రెండు పోర్షన్లలోనూ ఒకే చోట పెట్టెలు పెట్టారంటే వాటి వీపులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మధ్యలో ఇటుక ఉండదు, రెండు రేకులు ఉంటాయి. ఎలక్ట్రీషియన్‌కి పైపు కలిసొస్తుందని అలాగే పెడతాడు. చాలా ఇళ్లలో మంచం తలాపున ఉండే బోర్డులు ఇలాంటివే.

పెట్టె విప్పేముందు రెండు పోర్షన్ల మెయిన్లూ ఆపేయాలి. మళ్లీ చెబుతున్నాను, రెండూ. విడగొట్టిన ఇళ్లలో మీ గోడలోని తీగకి కరెంటు పక్కవాళ్ల మీటరు నుంచి వస్తుండొచ్చు. మీ ఎంసీబీ దించి, ఆగిపోయిందనుకుని చెయ్యి పెట్టకండి. టెస్టరుతో చూసేది, తీగలు కదిలించేది ఎలక్ట్రీషియనే.

నా ఇళ్లలో రూలు ఒకటే: ఉమ్మడి గోడకి స్విచ్ బోర్డు ఉండకూడదు. మీ వైపు పెట్టె తీసేయించి పక్క గోడకి మార్పించండి. కేసింగ్ పట్టీ పైకి కనబడుతుందని ఓనర్లు గునుస్తారు, గునవనివ్వండి. పెట్టె తీసిన గుంతని ఇటుక ముక్కలతో, సిమెంటు మాలుతో కూరించాలి. ముందు గుంతని నీళ్లతో తడపాలి, లేకపోతే పాత ఇటుక మాలులోని నీళ్లు పీల్చేసి అంచులు విడిపోతాయి. ఒకేసారి కుక్కకుండా రెండు విడతల్లో చేయించండి. కాగితం ముద్దలు, సిమెంటు సంచీ పీలికలు కుక్కి పైన పూత పూయడం కొందరికి అలవాటు, అందుకే ఆ సమయానికి పక్కనే నిలబడండి. స్ప్రే ఫోము కొట్టి చేతులు దులుపుకునే వాళ్లూ వచ్చారు ఈమధ్య. అది గాలినైతే ఆపుతుంది, కానీ దూదంత బరువు. సందు లోపల ఇరికించడానికి సరే, దాని మీద మాలు పడాల్సిందే.

పెట్టె మార్చడం కుదరకపోతే అవతలి పెట్టెకి కనీసం రెండడుగులు పక్కకి జరిపి, వెనక ఇటుక మిగిలేలా పెట్టించండి. పైపు మూతి కూడా మరిచిపోవద్దు. గోడలోని ప్లాస్టిక్ పైపు ఒక పోర్షన్ నుంచి ఇంకోదానికి పోతుంటే అది మాటలు మోసే గొట్టమే. తీగల చుట్టూ సీలెంట్ నింపాలి, సిమెంటు కాదు. రేపు తీగ మార్చాల్సి వస్తే మీకే తిట్లు.

ఇక గోడ పై అంచు. కింద నుంచి కట్టుకుంటూ వచ్చిన మేస్త్రీకి స్లాబు కింద చివరి వరస ఇబ్బందిగా ఉంటుంది. ముక్కలు దోపి, పైన ప్లాస్టరింగ్‌తో కప్పేస్తాడు. ఏడాది తిరిగేసరికి అక్కడ వెంట్రుకంత చీలిక వస్తుంది, ఎందుకంటే స్లాబు ఎండకి కదులుతుంది, గోడ దాని వెంట కదలదు. అక్కడ సిమెంటు మీద సిమెంటు పూస్తే మళ్లీ అదే చోట విడుతుంది. వదులు పూతంతా చెక్కించి, గుల్లలు మాలుతో నింపి, పైన అరంగుళం సందు కావాలనే వదలండి. మాలు ఆరాక ఆ సందు నిండా అక్రిలిక్ సీలెంట్. సాగే వస్తువే అక్కడ నిలుస్తుంది.

సజ్జ మీదికి నిచ్చెన వేసుకుని మీరే ఎక్కండి. నా మొదటి పనుల్లో ఒకదాంట్లో ఫ్రేము, రాక్‌వూలు, రెండు పొరల బోర్డు అన్నీ దగ్గరుండి చేయించాను. ఆ రాత్రి అవతల పిల్లవాడు ఎక్కాలు అప్పజెబుతుంటే ఇవతల పదమూడో ఎక్కం స్పష్టంగా వినిపించింది. మర్నాడు సజ్జ ఎక్కి పాత సామాను జరిపి చూస్తే అక్కడ గోడకి ప్లాస్టరింగే లేదు, ఉత్త ఇటుకలు. ఇటుకల మధ్య సందుల్లోంచి అవతలి గది ట్యూబులైటు వెలుతురు. ఫాల్స్ సీలింగ్ పైన కూడా ఇదే తంతు, కనబడని చోట ఎవరూ పూత పూయరు. మొత్తం గిలాబు చేయించాలి. రేకుల గదుల్లో అయితే గోడ రేకు దాకా వెళ్లకుండా జానెడు కిందే ఆగిపోతుంది. ఆ ఖాళీ మూసేదాకా ఇంకేం చేసినా దండగ.

తలుపు సంగతి. ఇల్లు విడగొట్టేటప్పుడు మధ్య తలుపు బిగించి దాని మీద ప్లైవుడ్ కొట్టి అదే గోడనుకుంటారు. దర్వాజాతో సహా పీకించి, రెండు అంచుల్లో పాత గోడ ఇటుకల్లోకి పళ్లు దిగేలా ఇటుక కట్టించి, వారం రోజులు నీళ్లు పట్టి, రెండు వైపులా ప్లాస్టరింగ్ చేయించండి. టేకు దర్వాజా, అల్మారాగా పనికొస్తుందంటారు ఓనర్లు. ఇంకో గదిలో పెట్టుకోమనండి. పాత ఇళ్లలో గోడ గూళ్లకి వెనక వైపు పలచటి ఇటుక వరసో, కడప బండో మాత్రమే ఉంటుంది. అవీ ఇదే బాపతు.

ఇప్పుడు మళ్లీ అగరుబత్తి వెలిగించండి. పొగ ఎక్కడా వాలకపోతే ఆ రాత్రి చెవి ఒగ్గి వినండి. నిజం చెప్పాలంటే సగం ఇళ్లలో పని ఇక్కడితో అయిపోతుంది, బోర్డుల ఖర్చు మిగులుతుంది.

ఫ్రేము, బోర్డులు

ఇంకా కావాలనుకుంటే ఇది. నేలకీ స్లాబుకీ చానల్ బిగించండి, కింద రబ్బరు టేపుతో. పాత గోడకి అంగుళం ఎడం. రెండడుగులకి ఒక నిలువు చానల్. ఎడం ఎందుకంటే, కొత్త పొర పాత గోడకి తగిలితే పాత గోడ అదురు దానికీ ఎక్కుతుంది. ఫాల్స్ సీలింగ్ కుర్రాళ్లు గట్టిగా ఉండాలని అలవాటుగా మధ్యలో గోడకి రెండు క్లాంపులు కొడతారు. తీయించండి. బోర్డుని గమ్ముతో గోడకే అంటించే పద్ధతి ఇంకా ఘోరం, వెనక మిగిలే పలచటి గాలి పొర వల్ల కొన్ని శబ్దాలు పెరుగుతాయి కూడా.

మధ్యలో రాక్‌వూల్, చేతికి తొడుగులు, మూతికి గుడ్డ. మొదటి పొర బోర్డు 25 స్క్రూలతో, రెండోది 35 వాటితో, అతుకు మీద అతుకు పడకుండా. చుట్టూ పావంగుళం వదిలి సీలెంట్. టేపు, లప్పం, పెయింటు మామూలే. గదిలో నాలుగంగుళాల స్థలం పోతుంది. టీవీ తగిలించాలంటే బోర్డు వేసేముందే చానళ్ల మధ్య ప్లైవుడ్ ముక్క పెట్టించండి.

ఇంత చేశాక కూడా రెండు శబ్దాలు వస్తాయి, ముందే చెబుతున్నా. హోమ్ థియేటర్ దబదబ ఒకటి, ఈ బోర్డులు దానికి చాలవు. రెండోది గట్టు మీద మిక్సీ. గ్రానైట్ గట్టు గోడలోకి దిగి ఉంటుంది కాబట్టి అది గాలిలో కాదు, రాతిలో ప్రయాణిస్తుంది. మిక్సీ కింద మందపాటి రబ్బరు ముక్క పెట్టమని పక్కవాళ్లని అడగండి. మన గోడ మీద లక్ష పెట్టినా దానంత పని చేయదు.

అద్దెకొచ్చేవాళ్లకి తాళం ఇచ్చేటప్పుడు ఆ గోడకి మేకులు కొట్టొద్దని చెప్పండి. క్యాలెండరుకి పక్క గోడ ఉంది. మొదటి ఎండాకాలం అయ్యాక ఒకసారి వెళ్లి పై అంచు సీలెంట్ చూసుకోండి, విడిన చోట గన్నుతో ఇంకో గీత గీస్తే సరి.